స్టీమ్ డెక్‌లో కోల్డ్ వాటర్స్: జలాంతర్గామి వేట నేర్చుకునే పద్ధతి

నేను విశాఖపట్నంలో ఆడియాలజిస్టుని. ఎవరికి ఏ శబ్దం ఎంతవరకు వినిపిస్తోందో పగలంతా పరీక్షించడమే నా ఉద్యోగం. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక నేను ఆడే గేమ్ కూడా దాదాపు అదే పని చేయిస్తుంది. పేరు కోల్డ్ వాటర్స్. ప్రచ్ఛన్న యుద్ధం నిజంగా యుద్ధమైతే ఎలా ఉంటుందో ఊహించి, అమెరికా జలాంతర్గామి కెప్టెన్‌గా ఆడే గేమ్ ఇది. ఆస్ట్రేలియాలోని కిల్లర్‌ఫిష్ గేమ్స్ వాళ్ళు 2017లో పీసీ కోసం విడుదల చేశారు. నేను మాత్రం చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్ స్టీమ్ డెక్ మీద, మంచానికి ఆనుకుని కూర్చుని ఆడతాను. మా బావగారు డాలస్ నుంచి వస్తూ తెచ్చిన పాత ఎల్‌సీడీ మోడల్ నాది.

మా మేనల్లుడు ఈమధ్య మొదలుపెట్టి, "అత్తా, ఎవడు కొడుతున్నాడో కనిపించకుండానే మునిగిపోతున్నాను" అని ఫోన్ చేశాడు. వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పినవన్నీ ఒకచోట రాస్తున్నాను. చాలామంది కొత్తవాళ్ళు దీన్ని కాల్పుల గేమ్ అనుకుని మొదలుపెడతారు. ఇందులో గెలుపోటములు టార్పెడో గొట్టం దాటకముందే చాలావరకు తేలిపోతాయి. ఎవరు ఎవరిని ముందు విన్నారు, విన్నాక ఎంతసేపు ఓపిక పట్టారు అన్నదే అసలు ఆట. అందుకే నా సలహాల్లో సగానికి పైగా కాల్చకముందు చేయాల్సిన పనుల గురించే ఉంటాయి.

ముందుగా డెక్‌ని సిద్ధం చేసుకోండి

ఇది కీబోర్డు, మౌస్ కోసం తయారైన విండోస్ గేమ్. డెక్‌లో ప్రోటాన్ మీద, అంటే విండోస్ గేమ్‌ల్ని లినక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్ మీద, నడుస్తుంది. ఇబ్బంది పెట్టేవి రెండే: బటన్లు, చిన్న అక్షరాలు.

గేమ్ పేజీలో కంట్రోలర్ గుర్తు నొక్కితే ఇతర ఆటగాళ్ళు చేసిపెట్టిన లేఅవుట్లు ఉంటాయి. ఏదో ఒకటి తీసుకుని మీ చేతికి తగ్గట్టు మార్చుకోండి. కుడి ట్రాక్‌ప్యాడ్ మౌస్‌గా, R2 ఎడమ క్లిక్‌గా, L2 కుడి క్లిక్‌గా ఉండాలి. ఎడమ స్టిక్‌కి చుక్కాని, డైవింగ్ ప్లేన్లు (లోతు మార్చే రెక్కలు) ఇవ్వండి. వేగం పెంచడం, తగ్గించడం డీ-ప్యాడ్ పైకీ కిందికీ. వెనకవైపు ఉండే నాలుగు బటన్లు అన్నిటికంటే విలువైనవి, వాటిని వృథా చేయొద్దు. నా ఏర్పాటులో L4 నాయిస్‌మేకర్ (శత్రు టార్పెడోని మోసగించడానికి వదిలే బుడగల మూట), R4 టార్పెడో ప్రయోగం, L5 కాలం వేగాన్ని పెంచి తగ్గించే కీ, R5 మ్యాప్. నాయిస్‌మేకర్ కోసం వేలు వెతుక్కునే పరిస్థితి అస్సలు రాకూడదు. అది కావాల్సిన క్షణంలో బొటనవేళ్ళు రెండూ చుక్కాని మీదా మ్యాప్ మీదా ఉంటాయి కాబట్టే దాన్ని వెనక్కి పెట్టాను.

ఎడమ ట్రాక్‌ప్యాడ్‌కి ఒక రేడియల్ మెనూ తయారు చేసి, వాతావరణ పరిస్థితుల పేజీ, సిగ్నేచర్ పేజీ, ఆయుధాల పేజీ, డ్యామేజీ పేజీ అందులో పెట్టుకోండి. పోరు మధ్యలో ఏడంగుళాల తెర మీద చిన్న ట్యాబ్‌ల కోసం కర్సర్ జరుపుతూ కూర్చోనక్కర్లేదు. అక్షరాలు చదవలేకపోతే స్టీమ్ బటన్ పట్టుకుని L1 నొక్కండి, భూతద్దం వస్తుంది. నలభై దాటిన కళ్ళకి ఇది పెద్ద వరం.

మూడు చుక్కల బటన్ నొక్కి తెరను 40 ఫ్రేములకు పరిమితం చేస్తే బ్యాటరీ బాగా కలిసొస్తుంది. నెమ్మదిగా సాగే ఆట కనుక తేడా తెలియదు. ఇంకో సంగతి. పోరు నడుస్తుండగా సేవ్ చేసుకునే వీలు ఈ గేమ్‌లో లేదు. ఇంట్లోవాళ్ళు పిలిస్తే డెక్ పవర్ బటన్ ఒకసారి నొక్కి నిద్రపుచ్చండి. తిరిగొచ్చి మళ్ళీ నొక్కితే టార్పెడో ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కదులుతుంది. పీసీ మీద ఆడేవాళ్ళకి ఇంత తేలిగ్గా కుదరని సౌకర్యం ఇది. నేను డెక్ మీదే ఆడటానికి ముఖ్య కారణం ఇదే.

ట్రైనింగ్ మిషన్లు దాటేయకండి. చుక్కాని, లోతు, ఆయుధాల ఎంపిక అక్కడే చేతికి అలవాటవుతాయి. ఆ తర్వాత నేరుగా క్యాంపెయిన్‌కి (వరస మిషన్లతో సాగే పూర్తి యుద్ధానికి) వెళ్ళకుండా, మీకు నచ్చిన ఓడల్ని ఎంచుకుని ఆడే క్విక్ మిషన్‌లో ఒక్క శత్రు జలాంతర్గామిని పెట్టుకుని సాధన చేయండి. ఒక్కటే చాలు.

మీ చప్పుడు మీరే తగ్గించుకోవాలి

పోరు మొదలవగానే ఎక్కువమంది వేగం పెంచుతారు. మీరు తగ్గించండి. టెలిగ్రాఫ్‌ని, అంటే వేగం ఎంచే మీటని, 1/3కి తెచ్చి, 5 నాట్ల (గంటకి దాదాపు 9 కిలోమీటర్ల) దగ్గర నిలబెట్టండి. దీనివల్ల రెండు లాభాలు. మీ యంత్రాల చప్పుడు తగ్గుతుంది కనుక శత్రువుకి మీరు వినిపించరు. మీ ఒంటి మీదుగా పారే నీటి హోరు తగ్గుతుంది కనుక శత్రువు మీకు వినిపిస్తాడు. వినికిడి పరీక్ష చేసేటప్పుడు నేను ముందు గది తలుపు మూసి, ఫ్యాన్ ఆపి, అప్పుడు చెవికి హెడ్‌ఫోన్ పెట్టిస్తాను. ఇక్కడ ఆ ఫ్యాన్ మీ ప్రొపెల్లరే.

కావిటేషన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రొపెల్లర్ మరీ వేగంగా తిరిగితే రెక్కల దగ్గర పీడనం పడిపోయి నీరు ఆవిరి బుడగలుగా మారుతుంది. ఆ బుడగలు చిట్లే చప్పుడు సముద్రంలో చాలా దూరం పోతుంది. లోతుకి వెళ్ళేకొద్దీ పైనున్న నీటి ఒత్తిడి బుడగల్ని పుట్టనివ్వదు. కాబట్టి పైపైన 10 నాట్లకే అల్లరి చేసే సబ్‌మెరైన్, బాగా కిందికి దిగితే అంతకంటే చాలా ఎక్కువ వేగంలోనూ గుట్టుగా పోగలదు. వేగం కావాలంటే ముందు లోతు సంపాదించండి, ఆ తర్వాతే టెలిగ్రాఫ్ ముట్టుకోండి. ఈ వరస తారుమారు చేయొద్దు. కావిటేషన్ మొదలైతే తెర మీద హెచ్చరిక వస్తుంది. అది కనిపించిన మరుక్షణం వేగం తగ్గించడం చేతికి అలవాటైపోవాలి.

వెనక భాగాన్ని కూడా మరచిపోవద్దు. మీ ప్రొపెల్లర్ వెనక కొంత మేర సోనార్‌కి (నీటిలో శబ్దాలు వినే పరికరానికి) ఏమీ వినపడని చోటు ఉంటుంది, నావికులు దాన్ని బఫుల్స్ అంటారు. అప్పుడప్పుడూ దారి మళ్ళించి, వెనక ఎవరైనా నక్కి వస్తున్నారేమో వినాలి. సముద్రం ఖాళీగా ఉందని మీ సోనార్ చెబుతున్నా, వెనక వైపు వినకుండా ఆ మాట నమ్మకండి.

లేయర్ అర్థమైతే సగం ఆట వచ్చేసినట్టే

వాతావరణ పరిస్థితుల పేజీ తెరవండి. లోతు పెరిగేకొద్దీ నీటి ఉష్ణోగ్రత ఎలా మారుతోందో గీతగా కనిపిస్తుంది. పైన ఎండకీ గాలికీ కలిసిపోయి దాదాపు ఒకే వెచ్చదనంతో ఉండే నీరు. దాని కింద ఒక్కసారిగా చల్లబడే పొర. ఈ మలుపునే లేయర్ అంటారు. నీటిలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా. చల్లని నీటిలో ఆ వేగం కాస్త తగ్గుతుంది. శబ్దం ఎప్పుడూ తన వేగం తగ్గే వైపుకే వంగుతుంది. కాబట్టి లేయర్‌ని తాకిన శబ్దంలో కొంత కిందికి వంగిపోతుంది, కొంత పైనే ఉండిపోతుంది. లేయర్‌కి ఒక పక్క ఉన్నవాడికి రెండో పక్క ఉన్నవాడు సరిగ్గా వినిపించడు. లేయర్ ఎంత బలంగా ఉంటే ఆ తెర అంత మందం.

దీన్ని వాడుకునే తీరు మీరు వెతుకుతున్న శత్రువుని బట్టి మారుతుంది. పైన యుద్ధనౌకలుంటే లేయర్ కింద ఉండండి. వాటి అడుగునున్న సోనార్ మిమ్మల్ని పట్టుకోవడం కష్టం. శత్రువు జలాంతర్గామి అయితే కాసేపు పైన, కాసేపు కింద వినాలి. మెల్లగా లేయర్ దాటి దిగండి, నిలబడండి, వినండి. ఏమీ లేకపోతే మళ్ళీ పైకి రండి. దిగేటప్పుడు ముక్కు మరీ వంచొద్దు, తొందర అసలే వద్దు.

సర్ఫేస్ డక్ట్ బలంగా ఉన్న రోజున లేయర్ పైన ఉన్న శబ్దం అదే పొరలో చిక్కుకుని బాగా దూరం ప్రయాణిస్తుంది. దూరం నుంచి ఓడల గుంపుని పసిగట్టాలంటే అలాంటి రోజున కొంతసేపు పైపొరలో ఉండటం లాభం. అదే దారిలో మీ చప్పుడు కూడా వాళ్ళకి చేరుతుంది కనుక అప్పుడు 5 నాట్లు దాటొద్దు.

ఎవరో తేల్చుకోండి

శబ్దం అందగానే మ్యాప్ మీద ఒక దిశ గీత, దానికి సియెరా అనే పిలుపుతో ఒక అంకె వస్తాయి. ఈ దశలో మీకు తెలిసేది దిశ ఒక్కటే. దూరం తెలియదు, పేరు తెలియదు. సొల్యూషన్ శాతం, అంటే శత్రువు ఎక్కడున్నాడన్న అంచనా ఎంత ఖాయమో చెప్పే అంకె, మెల్లగా పెరుగుతుంది. అది తక్కువగా ఉన్నంతకాలం మ్యాప్ మీద ఓడ బొమ్మ ఉన్న చోటు ఊహ మాత్రమే. నిజమైన జలాంతర్గామిలో దిశల్ని కాగితం మీద గుర్తించుకుంటూ, తమ దారి మార్చి మళ్ళీ కొలుస్తూ, దూరాన్ని లెక్కగడతారు. గేమ్‌లో ఆ లెక్క మీ సిబ్బంది చూసుకుంటారు. శబ్దం తెగకుండా వాళ్ళకి అందేలా నడపడం మీ పని. అంటే నెమ్మదిగా పోవడం, శత్రువుని బఫుల్స్‌లోకి పోనివ్వకపోవడం, మధ్యలో లేయర్ అడ్డు రాకుండా చూసుకోవడం. యాక్టివ్ సోనార్ పింగ్ కొడితే దూరం వెంటనే తెలిసిపోతుంది. మీరున్న చోటు కూడా ఊరంతా చాటింపు వేసినట్టు తెలిసిపోతుంది. నేను దాని జోలికి దాదాపుగా పోను.

సిగ్నేచర్ పేజీలో మీకు అందిన శబ్దం గీతలుగా ఉంటుంది. పక్కనే తెలిసిన ఓడల గీతల్ని ఒక్కొక్కటిగా మారుస్తూ, ఏది అతికిందో మీరే ఎంచాలి. నాకు ఈ పేజీ అంటే ప్రాణం. ముందు గీతల మధ్య ఎడం చూడండి, తర్వాత లావు గీతలు ఎక్కడున్నాయో చూడండి. రెండూ కుదిరాకే ఖాయం చేయండి. తొందరపడి సరుకుల ఓడని యుద్ధనౌకగా ముద్ర వేస్తే, దానికోసం వాడిన టార్పెడోతో పాటు మీ గుట్టూ పోతుంది.

ఫాక్స్‌ట్రాట్ తరగతి సోవియట్ జలాంతర్గాములు 1968 క్యాంపెయిన్‌లో ఎదురవుతాయి. వాటి గురించి విశాఖవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా ఆ తరగతిదే. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001లో సేవ ముగించుకుని, 2002లో ఒడ్డుకి వచ్చింది. పొడవు 91.3 మీటర్లు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు, మొత్తం 22 టార్పెడోలు. గేమ్ ఆడేవాళ్ళు ఎవరైనా విశాఖ వస్తే తప్పక ఎక్కి చూడండి. ముందు గదిలో ఆరు గొట్టాల ఇత్తడి మూతల ఎదుట నిలబడి, వెనక్కి తిరిగి ఆ సన్నని దారి చూడండి. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళాలంటే ఇనుప గోడలో గుండ్రటి కంతలోంచి కాలూ తలా ఒకేసారి వంచి దూరాలి. గేమ్‌లో డ్యామేజీ పేజీ మీద ఒక గదిలోకి నీళ్ళొస్తున్నాయని ఎర్రగా వెలిగినప్పుడు ఆ కంతే నాకు గుర్తొస్తుంది. నీరు పక్క గదికి పాకకుండా ఆపేది దాని తలుపే. అది మూసేశాక లోపలున్నవాళ్ళకి బయటికి దారి లేదు. ఈ గేమ్‌లో ఓడని జాగ్రత్తగా నడపాలన్న పట్టుదల నాకు అక్కడే వచ్చింది.

ఆట పరంగా ఫాక్స్‌ట్రాట్ ఎందుకు కష్టమంటే, అది డీజిల్-ఎలక్ట్రిక్. నీటి కింద బ్యాటరీ మీద మెల్లగా పోతున్నప్పుడు అణు జలాంతర్గామిలో ఉండే పంపులూ టర్బైన్ల రొద దానికి ఉండదు. వేగంలో మాత్రం మీతో పోటీ పడలేదు. దాన్ని వెంటాడి పట్టుకోవాలనుకోకండి. అది వచ్చే దారి ఊహించి, ముందే వెళ్ళి, కిక్కురుమనకుండా కాచుకోండి.

టార్పెడో వదిలే వరస

1968 క్యాంపెయిన్‌లో నేను అమెరికా జలాంతర్గాముల్లో స్టర్జన్ తరగతి తీసుకుంటాను. స్కిప్‌జాక్ దానికంటే వేగం, చప్పుడు కూడా ఎక్కువే. కొత్తవాళ్ళకి వేగం కంటే నిశ్శబ్దం మేలు. స్టర్జన్‌కి నాలుగే గొట్టాలు కనుక ప్రతి టార్పెడోకీ లెక్క ఉండాలి.

సోవియట్ల నవంబర్ తరగతి అణు జలాంతర్గామి మీద పోరుని వివరంగా చెబుతాను. నవంబర్ చప్పుడు ఎక్కువ, వేగం దాదాపు 30 నాట్లు. మన చేతిలో ఉన్న మార్క్ 37 టార్పెడో వేగం సుమారు 26 నాట్లు. ఇందులోని చిక్కు ఇట్టే అర్థమవుతుంది. నవంబర్‌కి విషయం తెలిసి, వెన్ను చూపి పరుగెడితే మన టార్పెడో జన్మలో దాన్ని అందుకోలేదు. కాబట్టి వెనక నుంచి కొట్టకూడదు, దూరం నుంచి కొట్టకూడదు. అది మన వైపు వస్తూ ఉండాలి, లేదా మన ముందు నుంచి అడ్డంగా పోతూ ఉండాలి.

సియెరా-1 దిశ 040 డిగ్రీలు అనుకుందాం. లేయర్ 250 అడుగుల దగ్గర ఉంది, నవంబర్ లేయర్ పైన వినిపిస్తోంది. నేను ముందు దాని దారికి అడ్డంగా నిలిచేలా మెల్లగా జరుగుతాను. సొల్యూషన్ 80 శాతం దాటేదాకా ఒక్క గొట్టమూ ముట్టుకోను. దూరం 5,000 గజాల లోపుకి వచ్చేదాకా ఎదురుచూస్తాను. ఈ ఎదురుచూపు చాలాసేపు పట్టొచ్చు, కాలాన్ని వేగంగా జరిపే కీ అందుకే ఉంది. కానీ దూరం తగ్గుతున్నకొద్దీ మామూలు వేగానికి వచ్చేయండి.

ఇక టార్పెడో అమరికలు. ఆయుధాల పేజీలో మూడు చూడాలి. మొదటిది వెతికే తీరు: నేరుగానా, పాములా మెలికలు తిరుగుతూనా. సొల్యూషన్ బాగుంటే నేరుగా, అనుమానంగా ఉంటే మెలికలు. రెండోది లోతు: శత్రువు లేయర్‌కి ఏ పక్క ఉన్నాడో టార్పెడో కూడా ఆ పక్కే వెతకాలి. ఈ ఒక్కటి తప్పితే మిగతావన్నీ సరిగ్గా పెట్టినా అది శత్రువు కింద నుంచి చూడకుండా వెళ్ళిపోతుంది. మూడోది వినే పద్ధతి: పాసివ్ అయితే శత్రువు చప్పుడు విని వెళుతుంది, యాక్టివ్ అయితే తనే పింగ్ కొట్టుకుంటూ వెళుతుంది. నవంబర్ లాంటి గోల చేసే ఓడ మీద పాసివ్ పనిచేస్తుంది. మెల్లగా పోయే ఫాక్స్‌ట్రాట్ మీద యాక్టివ్ పెట్టండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మెలకువ. టార్పెడోని శత్రువు మీదికి సూటిగా వదలొద్దు. మ్యాప్ మీద శత్రువుకి ఒక పక్కగా, బాగా ఎడంగా గుర్తు పెట్టి, ముందు అటు పంపండి. తీగ ద్వారా అది ఇంకా మీ అదుపులోనే ఉంటుంది. పక్కకి కొంత దూరం పోయాక దాన్ని శత్రువు వైపు తిప్పండి. ఎందుకంటే, టార్పెడో శబ్దం వినగానే శత్రువు కెప్టెన్ అది ఏ దిశ నుంచి వచ్చిందో ఆ దిశకే తన టార్పెడోని వదులుతాడు. సూటిగా కొడితే ఆ దిశ చివర మీరుంటారు. వంకరగా పంపితే అక్కడ ఖాళీ నీళ్ళుంటాయి. ఆ కొద్దిసేపట్లో మీరు ఇంకో వైపు మెల్లగా జారుకోవచ్చు.

తీగ తెగకుండా చూసుకోవడం మీ చేతిలోనే ఉంది. వేగంగా పోతూ గట్టిగా మలుపు తీసుకుంటే తెగుతుంది. ఆ గొట్టంలో కొత్త టార్పెడో నింపాలన్నా తీగ కోసేయాలి. అందుకే మొదటిది శత్రువుని పసిగట్టి, తనంతట తాను వెంటాడటం మొదలుపెట్టేదాకా నేను తీగ వదలను. రెండో టార్పెడోని కొంచెం ఆగి, వేరే పక్క నుంచి పంపుతాను. మొదటిదాన్ని తప్పించుకోవడానికి నవంబర్ ఎటు తిరుగుతుందో చూసి, రెండోదాన్ని ఆ దారిలో నిలబెడతాను. రెండూ ఒకేసారి ఒకే వైపు నుంచి పంపితే ఒకే నాయిస్‌మేకర్‌కి రెండూ మోసపోయే ప్రమాదం ఉంది.

మీ మీదికి టార్పెడో వస్తే

"టార్పెడో ఇన్ ద వాటర్" అన్న కేక వినగానే చేయాల్సిన మొదటి పని మ్యాప్ చూడటం. ఎటు నుంచి వస్తోందో తెలియకుండా చుక్కాని తిప్పొద్దు. దిశ తెలిశాక ఈ వరసలో పోండి.

ఆ దిశకే ఒక టార్పెడోని వెంటనే వదలండి. గురి అక్కర్లేదు. శత్రువు తన ప్రాణం చూసుకునే పనిలో పడి గట్టిగా మలుపు తిప్పితే, అతని తీగ తెగి, మీ మీదికొచ్చే టార్పెడోకి దారి చూపేవాడు లేకుండా పోతాడు.

తర్వాత వచ్చే టార్పెడో మీ వెనక పక్కగా ఉండేలా తిరిగి, పూర్తి వేగం అందుకోండి. ఇక దాక్కునే మాట లేదు కాబట్టి కావిటేషన్ గురించి బెంగ వద్దు. లేయర్‌కి అవతలి పక్కకి దిగడమో ఎక్కడమో చేస్తూనే ఉండండి. టార్పెడో మిమ్మల్ని పట్టుకుని పింగ్‌లు దగ్గరపడుతున్నప్పుడు నాయిస్‌మేకర్ వదిలి, వెంటనే గట్టిగా మలుపు తిప్పండి. మీకూ టార్పెడోకీ మధ్యలో ఆ బుడగల మూట ఉండాలి. వదిలాక నేరుగా పోతే ఫలితం ఉండదు. దాన్ని ఛేదించుకుని వచ్చిన టార్పెడో ఎదురుగా మళ్ళీ మీరే కనిపిస్తారు. మలుపు, లోతు మార్పు, నాయిస్‌మేకర్ మూడూ కలిస్తేనే తప్పించుకోగలరు. వేగంగా గట్టి మలుపు తిప్పినప్పుడు మీ వెనక నీరు కలకబారి ఒక గడ్డలా మిగులుతుంది. యాక్టివ్ టార్పెడో ఒక్కోసారి దాన్నే మీరనుకుంటుంది.

నాయిస్‌మేకర్లు పరిమితం. టార్పెడో ఇంకా చాలా దూరంలో ఉండగానే భయంతో అన్నీ వదిలేయకండి. దానికి ఇంధనం కూడా పరిమితమే, బాగా దూరం నుంచి వచ్చినదైతే పరుగులోనే అలసిపోతుంది.

దెబ్బ తగిలితే డ్యామేజీ పేజీకి వెళ్ళి, సిబ్బందిని ముందు నీళ్ళొచ్చే గదికి పంపండి. సోనార్, గొట్టాలు తర్వాత చూసుకోవచ్చు. ఓడ బరువెక్కి కిందికి జారుతుంటే కాస్త వేగం ఉంచి ముక్కు పైకి పట్టండి. అది కూడా చాలకపోతే ఎమర్జెన్సీ బ్లో (ట్యాంకుల్లోని నీటిని గాలితో తోసేసి పైకి తేలడం) ఉంది. పైకి తేలాక మీరు అందరికీ కనిపిస్తారు, కానీ మనుషులు బతుకుతారు.

ఓడలు, హెలికాప్టర్లు

ఓడల గుంపు మీదికి వెళ్ళేటప్పుడు కాపలా నౌకల సోనార్ కంటే హెలికాప్టర్లే ఎక్కువ ప్రమాదం. అవి నీళ్ళలో వేసే సోనోబాయ్‌లు (తేలుతూ శబ్దాలు వినే పరికరాలు) ఎక్కడ పడుతున్నాయో గమనించి, లేయర్ కింద ఉండి, వాటికి దూరంగా జరగండి. పెరిస్కోప్ ఎత్తాలంటే ముందు వేగం బాగా తగ్గించి, కొద్ది క్షణాలు చూసి, దించేయండి. నీటి పైన నిలిచిన గొట్టాన్ని రాడార్ పట్టేస్తుంది. 1984లో మీ దగ్గర హార్పూన్ క్షిపణులు ఉంటాయి. అవి నీటిలోంచి లేచిన చోటు శత్రువుకి కనిపిస్తుంది, కాబట్టి వదిలిన వెంటనే లోతుకి దిగి చోటు మార్చండి. గుంపులో మీ లక్ష్యం సరుకుల ఓడలైతే వాటిని ముంచి తప్పుకోండి. కాపలా నౌకలన్నిటితో తేల్చుకోవాల్సిన పని లేదు.

క్యాంపెయిన్‌లో

ఉత్తర అట్లాంటిక్ క్యాంపెయిన్లలో మీ స్థావరం స్కాట్లాండ్‌లోని హోలీ లాక్. ఇది నిజంగానే అమెరికా జలాంతర్గాముల స్థావరం, 1961 నుంచి 1992 వరకు పనిచేసింది. టార్పెడోలు తగ్గినా, నాయిస్‌మేకర్లు అయిపోయినా, బాగుచేయలేని దెబ్బ తగిలినా తిరిగి వెళ్ళండి. ప్రయాణానికి రోజులు పడతాయి, ఆలోగా ఒక మిషన్ చేజారవచ్చు. అయినా ఖాళీ గొట్టాలతో వేటకి పోవడం కంటే అదే నయం. మ్యాప్ మీద వేగంగా పరుగెడితే శత్రువు మిమ్మల్ని ముందు పసిగట్టే అవకాశం ఎక్కువ. సమయం ఉన్నప్పుడు నిదానంగా చేరుకోండి.

1968 పూర్తి చేశాకే 1984కి వెళ్ళండి. అక్కడ మార్క్ 48 చేతికొస్తుంది, 1972లో అమెరికా నౌకాదళంలో చేరిన టార్పెడో అది. మార్క్ 37 కంటే ఎంతో వేగం, కాబట్టి పారిపోయేవాడిని కూడా పట్టుకుంటుంది. ఎదుటివాళ్ళు కూడా ముదిరి ఉంటారు. టైటానియం ఒళ్ళున్న సోవియట్ జలాంతర్గామి ఆల్ఫా 40 నాట్లకు పైగా పరుగెడుతుంది. పరుగెడుతున్నప్పుడు అది చేసే గోలకి దాన్ని వినడం కష్టం కాదు. ఇంకో సోవియట్ జలాంతర్గామి విక్టర్ 3 మాత్రం బాగా నిశ్శబ్దం. దాన్ని వెతికేటప్పుడు పైన చెప్పిన 5 నాట్ల నియమం, లేయర్‌కి రెండు పక్కలా వినడం, బఫుల్స్ చూసుకోవడం అన్నీ ఒకేసారి పాటించాలి.

తర్వాత అప్‌డేట్‌లో చేర్చిన దక్షిణ చైనా సముద్రం క్యాంపెయిన్ 2000 నాటిది. అక్కడ చాలాచోట్ల లోతు తక్కువ, కనుక లేయర్ కింద దాక్కునే చోటు దొరకదు. ఎదురొచ్చే వాటిలో కిలో తరగతి డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గామి ఉంది, మన నౌకాదళంలో సింధుఘోష్ తరగతిగా పనిచేసేది కూడా అదే రకం. బ్యాటరీ మీద అది ఫాక్స్‌ట్రాట్ కంటే మరీ గుట్టుగా ఉంటుంది. అక్కడికి వెళ్ళేముందు క్విక్ మిషన్‌లో ఒక్క కిలోని, తక్కువ లోతు నీటిలో పెట్టుకుని కొన్ని సాయంత్రాలు ఆడండి. టార్పెడోని యాక్టివ్‌లోనే పంపండి, నేల చాలా దగ్గరగా ఉంటుంది కనుక టార్పెడో వెతికే లోతుని పైకే ఉంచండి.